నాలుగంగుళముల విమానము

2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున బెంగుళూరు దగ్గరి యెలహంకలో జరిగిన ఏరో ఇండియా ప్రదర్శనమునకు మన పాఠశాల యెనిమిదవ తరగతి బాలుడొకడు మేనమామతో వెళ్లి వచ్చెను. మరునాడు వాని తండ్రిగారు ఒక చిన్న అట్టపెట్టెను చేతబట్టుకొని నా గదికి వచ్చిరి.

"అయ్యవారూ, దీన్ని పరీక్షలయ్యేదాకా మీ బీరువాలో పెట్టండి. వానికి లెక్కలే రావు. వాళ్ల మామ దుడ్డుపోసి ఈ ఆటవస్తువు కొనిచ్చినాడు" అనిరి.

పెట్టెపై మిగ్-21 విమానపు బొమ్మయు, దాని ప్రక్కన 1/144 అను అంకెయు ఉన్నవి. నేనా అంకెను చూపి, "ఇది లెక్కే గదా!" అంటిని. ఆయన హోసూరులో ఒక కర్మాగారమున లేతుపై పనిచేయువారు. అంకె చూచినంతనే ఊరకుండలేని మనిషి. పెట్టె నా బీరువాలోనే యుండవలెననియు, శనివారము మధ్యాహ్నములందు మాత్రము బాలుడు నా గదిలో కూర్చుండి దానిని కూర్చవలెననియు ఒప్పందము కుదిరినది. ఇట్టి పెట్టెలు నేడు పలువురి ఇండ్లకు వచ్చుచున్నవి. కావున ఆ పని యెట్లు జరిగినదో తల్లిదండ్రులకు తెలుపుట మంచిదని తలచితిని.

నిజమైన విమానములోని ఒక అడుగు ఈ బొమ్మలో అంగుళములో పండ్రెండవ వంతగును. ఆరడుగుల మనిషి అర అంగుళమునకు దిగును. మిగ్-21 రెక్కల కొననుండి కొనకు ఇరువదిమూడున్నర అడుగులు గనుక, బొమ్మలో రెండంగుళములకు ఇంచుక తక్కువ; పొడవు సుమారు నాలుగంగుళములు. ఇంతవరకు బాలునికి సులభముగానే తెలిసినది. రెక్కల వైశాల్యము 23 చదరపు మీటర్లని చెప్పి, బొమ్మలో ఎంతయని అడిగితిని. వాడు 144 చేత భాగించెను. పొడవును, వెడల్పును రెండును తగ్గినవి గదా యని గుర్తుచేయగా, కొంతసేపు కలము కొరికి, 20,736 చేత భాగించి 11 చదరపు సెంటీమీటర్లని తెచ్చెను. బరువు సంగతి యింకను వింతగా తోచినది. ఘనపరిమాణము 29,85,984వ వంతునకు తగ్గును. ఖాళీ విమానము సుమారు అయిదున్నర టన్నులు; అదే నిష్పత్తిలో తగ్గించిన రెండు గ్రాములకైన రాదు. మా ప్రయోగశాల త్రాసులో ప్లాస్టికు బొమ్మ అంతకంటె ఎక్కువయే తూగినది. "అయితే అసలు విమానం లోపల అంతా బోలేనా, సార్?" అని వాడడిగెను. నిష్పత్తుల పాఠమును నేను ముప్పది యేండ్లుగా చెప్పుచున్నాను; ఆ ప్రశ్న ఒక్కరును అడిగియుండలేదు.

ఈ కొలతలకు ఒక చరిత్ర కలదు. ఆరడుగులను అంగుళముగా జేసిన 1/72 కొలత ఇంగ్లండులో 1932లో కొయ్య నమూనాలతో వ్యాప్తికి వచ్చెను. 1936లో అక్కడనే ఫ్రాగ్ పెంగ్విన్ అను పేర ప్లాస్టికు భాగముల పెట్టెలు వెలువడెను. 1942లో అమెరికా నౌకాదళము తన దేశపు పాఠశాలల బాలబాలికలను అయిదు లక్షల కొయ్య విమానములు ఇదే కొలతలో చెక్కి పంపుమని కోరినది. వానికి నల్లరంగు పూసి, మిత్రవిమానమేది, శత్రువిమానమేది అని ఆకారమును బట్టి గుర్తించుట సైనికులకు నేర్పిరి. మన బొమ్మ అందులో సగము కొలతది. తరగతిగదిలో ఇరువది అడుగుల దూరమునుండి దీనిని చూచుట 2,880 అడుగుల దూరమునుండి నిజమైన విమానమును చూచినట్లే. గోడకు ఆనించి నిలబెట్టి పిల్లలకు చూపితిని, నిశ్శబ్దముగా చూచిరి.

ఇక పని విషయము. భాగములన్నియు సన్నని ప్లాస్టికు చట్రమునకు అంటుకొని యుండును. మొదట సబ్బునీట కడిగి ఆరబెట్టవలెను. అచ్చునుండి వచ్చిన జిడ్డు మిగిలిన రంగు పట్టదు. భాగములను చేతితో త్రుంపరాదు, ముక్క లేచిపోవును. గోళ్లు తీయు కత్తెరతో కొంచెము దూరముగా కత్తిరించి, మిగిలిన మొటికను వడ్రంగులు ఉప్పుకాగితమని పిలుచు గరుకు కాగితముతో అరగదీయవలెను. ఎల్లప్పుడును అంచున్న పళ్లెములో పని చేయవలెను. చక్రపు కాలొకటి చిమటానుండి యెగిరిపోగా, మేమిద్దరము అరగంట నేలమీద ప్రాకితిమి. అది నా చొక్కా మడతలో దొరికినది.

జిగురు విషయమున పెద్దలే పొరబడుదురు. ఈ ప్లాస్టికునకు వాడు ద్రవము మన బంకవలె నడుమ నిలిచి అంటించునది కాదు. అది రెండు అంచులను కరగించి ఒకటిగా చేయును; ఒకవిధముగ వెల్డింగే. కావున ఎక్కువ పోసిన గట్టిపడదు, బొమ్మయే కరగును. రెండు భాగములను ముందు పొడిగా చేర్చి చూచి, సరిపోయిన పిమ్మట సందు దగ్గర కుంచెకొనతో ఒక్క చుక్క తాకించిన చాలు, దీపపువత్తి నూనెను లాగినట్లు సందు దానిని తనంతట లోనికి లాగుకొనును. దాని ఆవిరి మంచిది కాదు, కిటికీలు తెరచియుంచవలెను. బ్లేడు పని పెద్దల యెదుటనే జరుగవలెను. ఇంటిలో ప్రాకు బిడ్డలున్నచో ఈ చిన్న ముక్కలు వారి నోటికి అందకుండ చూడవలెను. కాక్‌పిట్ పై అద్దపుమూతకు మాత్రము పిల్లలు కాగితముల కంటించు తెల్లబంక వాడవలెను, ఆరిన పిదప అది కనబడదు. తొందరపడి క్షణములో అంటుకొను జిగురు వాడినచో దాని ఆవిరికి అద్దము తెల్లగా మంచు పట్టినట్లగును.

ఒడలి రెండు దళములను మూయకముందే లోపలి రంగు వేయవలెను. ముందుచక్రముపై నిలువక తోకపై కూలబడు స్వభావము ఇట్టి బొమ్మలకు సాధారణము. ముక్కులో బరువు పెట్టుటయు అప్పుడే. మేము మూడు మిల్లీమీటర్ల ఉక్కుగుండ్లు రెండు పెట్టితిమి. సూచనల కాగితములో ఒక్క వాక్యమైన లేదు, బొమ్మలు, బాణపుగుర్తులు, అంకెలు మాత్రమే. అందుచే వాడు భాగములన్నిటికి తానే పేర్లు పెట్టుకొనెను. గాలి పీల్చు ముక్కులోని మొనదేలిన భాగము వానికి "బొంగరము", తోకక్రింది పలుచని భాగము "చేపరెక్క". ఆ పేర్లు నాకు నచ్చినవి. నేనును అవే వాడితిని.

మూడవ శనివారము తండ్రిగారు వెర్నియరు కొలతపరికరముతో వచ్చిరి. కొలిచి, రెక్కలు క్రిందికి వాలినవని, ఊడదీసి సమముగా అతికింతునని చేయి చాచిరి. అప్పుడు నాకు నా సంగతి జ్ఞప్తికి వచ్చినది. పదునెనిమిదేండ్ల క్రిందట నా కుమారునికి ఇట్టి పెట్టెయే కొనియిచ్చితిని. వాడు జిగురు కారుచుండగా చూడలేక, చేతిలోనుండి తీసికొని నేనే పూర్తిచేసితిని. అది చక్కగానే కుదిరినది. వాడు దానిని మరల ముట్టలేదు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు దుమ్ము తుడుచుచు, వాని విమానమని నేను అనగా, "అది మీది గదా, నాన్నగారూ" అనెను. కోపముతో కాదు, ఉన్నమాట చెప్పినట్లు.

ఈ సంగతిని తండ్రిగారికి చెప్పుటకు నాకు నోరు రాలేదు. బాలుడే నన్ను రక్షించెను. సూచనల కాగితములోని ముందువైపు పటమును విప్పి, "నాన్నా, నిజం విమానానికే రెక్కలు కిందికి రెండు డిగ్రీలు వంగుతాయి. సమంగా పెడితే తప్పు" అనెను. తండ్రిగారు పటమును వెలుగునకు పట్టి చూచిరి. తరువాత ఎడమరెక్క కొలిచి, కుడిరెక్క కొలిచి, "కుడివైపు ఒక మిల్లీమీటరు ఎక్కువే వంగిందిరా" అనిరి. వాడు లెక్క కట్టెను, అసలు విమానములో 144 మిల్లీమీటర్లు, దాదాపు ఆరంగుళములు. పైలటు ఒప్పుకొనునా యని నవ్వుకొనిరి. వెర్నియరు మరల సంచిలోనికి పోయినది. రెక్క అట్లే యున్నది.

గుర్తులను గోరువెచ్చని నీట నానబెట్టి జార్చి అంటించుట చివరి పని. మధ్య ఆకుపచ్చ, చుట్టును తెలుపు, వెలుపల కాషాయము గల మన వాయుసేన చక్రములలో ఒకటి మడతపడి చినిగెను. వాడు చిన్న కుంచెతో దానిని దిద్దుకొనెను. ఇదంతయు ముగియుటకు పరీక్షలు దాటి జూలై వచ్చినది. 1963లో మన వాయుసేనలో చేరి, నాసికులోకూడ తయారైన ఈ విమానములకు 2025 సెప్టెంబరు 26న చండీగఢులో తుది వీడ్కోలు జరిగెను. ఆనాడు బాలుడు బొమ్మను తరగతికి తెచ్చి బల్లపై నుంచెను. దాని క్రింది అట్టపై, "మిగ్-21. 1/144. కుడి రెక్క 1 మి.మీ. వాలినది" అని తన చేతివ్రాతతో వ్రాసియున్నది.

గడచిన వారము తండ్రిగారు బజారులో కనబడి, "అయ్యవారూ, డకోటా పెట్టె ఎక్కడ దొరుకుతుందో తెలుసునా? తొంబైయైదు అడుగుల రెక్కలంట. ఏడంగుళాల పదకొండు పండ్రెండోవంతులు వస్తుందని వాడు అప్పుడే గోడమీద రాసిపెట్టినాడు" అనిరి.