రాప్‌లో ప్రాస, ప్రశ్న

రాప్ అంటే ఒకటే గోల, అందులో సాహిత్యం ఏముంది అని మనలో చాలామంది అంటుంటాం. ఛందస్సు చదివిన చెవితో ఒక్కసారి వింటే అలా అనిపించదు. అందుకు ఉదాహరణగా చెన్నైకి చెందిన సోఫియా అష్రఫ్ పాడిన 'కొడైకెనాల్ వోంట్' అనే ఇంగ్లీషు రాప్ తీసుకుంటున్నాను. ఇది 2015 జూలై చివర్లో వచ్చింది. అంతకుముందే ఆమె భోపాల్ గ్యాస్ బాధితుల తరఫున కూడా రాప్ పాడారు.

పాట వెనుక కథ

కొడైకెనాల్‌లో ఒక థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఉండేది. 1980లలో అమెరికా నుంచి ఇక్కడికి తరలివచ్చి, తర్వాత హిందుస్థాన్ లీవర్ చేతికి వచ్చింది. పాదరసం అంటిన గాజుపెంకులు ఊళ్లోని పాతసామాన్ల కొట్టులో బయటపడ్డాక, 2001లో మూతపడింది. పాదరసం వల్ల మా ఆరోగ్యం పాడైందని కార్మికులు అన్నారు. అందుకు ఆధారం లేదని కంపెనీ అంది. 2006లో కార్మికులు మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. పేపర్లలో అప్పుడప్పుడు చిన్న వార్త వచ్చేది, అంతే.

కట్టుబడి

మన పద్యంలో ప్రాస పాదంలోని రెండో అక్షరం మీద ఉంటుంది. రాప్‌లో అసలు బలం అంత్యప్రాసది. బారుకు నాలుగు దెబ్బలు. మనకు తెలిసిన చతురశ్ర నడకే అనుకోండి. ఆ నాలుగో దెబ్బ దగ్గర ప్రాస పడితే మాట మనసులో నాటుకుపోతుంది. పాదం మధ్యలో కూడా ప్రాసలు దొర్లుతూ ఉంటే ఊపు తగ్గదు.

సోఫియా కొత్త బాణీ కట్టలేదు. నిక్కీ మినాజ్ 2014లో పాడిన 'అనకొండ' బాణీ తీసుకుని దాని మీద మాటలు మార్చారు. పేరు కూడా ఆ పాట పల్లవి ధ్వనిని అనుసరించిందే. మన దగ్గర జనానికి నోటికొచ్చిన బాణీలో ఉద్యమం మాటలు పెట్టి పాడే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఇదీ అదే ఉపాయం. బాణీ ముందే తెలుసు కాబట్టి వినేవాళ్ల ధ్యాసంతా మాట మీదే ఉంటుంది. ఆమె ప్రకటనల రంగంలో పనిచేసిన మనిషి. ఏ మాట గుర్తుండిపోతుందో ఆమెకు బాగా తెలుసు.

ఎవరితో మాట్లాడుతోంది?

నాకు ముఖ్యం అనిపించింది ఇదే. కార్మికుల భాష తమిళం, పాట ఇంగ్లీషు. అదేమిటి అనిపిస్తుంది. కానీ పాట కార్మికులకు వాళ్ల కష్టం చెప్పడానికి రాసింది కాదు, వాళ్లకు అది తెలియందా! సబ్బులూ షాంపూలూ కొనే మనకూ, దూరంగా కూర్చున్న కంపెనీ పెద్దలకూ చెప్పడానికి రాసింది. అందుకే వాళ్లకు అర్థమయ్యే భాష. పాటలో ఊరి పేరుంది, కంపెనీ పేరుంది, అడుగుతున్నదేమిటో ఉంది. "సమాజం చెడిపోయింది" అని గాలిలో తిట్టి వదిలేస్తే ఎవరికీ తగలదు.

ఫలితం

2016 మార్చిలో 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ ఒప్పందం చేసుకుంది. ఇది పాట గెలుపే అనడం అన్యాయం. పదిహేనేళ్లు పోరాడింది కార్మికులు. వాళ్ల మాట చాలా దూరం చేరడానికి పాట సాయపడింది. నేల శుభ్రం చేసే పని మిగిలే ఉందని 2018లో 'కొడైకెనాల్ స్టిల్ వోంట్' వచ్చింది. అందులో కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణ కూడా గొంతు కలిపారు. ఇంగ్లండులో ఒక కొలత, ఇక్కడి మట్టికి ఇంకో కొలతా అన్నది దానిలోని ప్రశ్న.

మనమూ ప్రయత్నిద్దాం. మన వీధిలో పొంగే మురికికాలువ మీదో, రాని బస్సు మీదో నాలుగు పాదాలు. అంత్యప్రాస తప్పకూడదు. ఎవరిని అడుగుతున్నామో, ఏం అడుగుతున్నామో తేలాలి. తెలుగులో రాస్తే బాగుంటుంది. అడగాల్సినవాళ్లకు తెలుగు రాకపోతే తమిళంలోనూ రాయండి. రాసినవి శాఖలో ఇస్తే ఈ గోడమీదే పెడదాం.