ఇంటి ప్రక్క షెడ్డుకు విద్యుత్తు

ఉర్దూలో 'బిజ్లీ' అనగా మెరుపు. కరెంటు అనియు అర్థమే. సంస్కృతమున 'విద్యుత్తు' అన్నను మొదట మెరుపే. ఆ శబ్దమే ప్రాకృతము మీదుగా సాగి 'బిజ్లీ' అయినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన కళాశాలలో బోధింపబడు రెండు భాషలును ఈ విధముగా ఒకే సంగతిని జ్ఞాపకము చేయుచున్నవి: మనము ఇంటిలోనికి తెచ్చుకొన్నది మెరుపును. దానిని ఇల్లు దాటించి ప్రక్కనున్న షెడ్డు వరకు కొనిపోవునపుడు పాటింపవలసిన నియమములను విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

పుల్లలచెరువు మొదలు మార్కాపురము, గిద్దలూరు వరకు ఇంటి ప్రక్క రేకుల షెడ్డు సాధారణ దృశ్యము. మోటారు సైకిలు, ఆటో, ట్రాక్టరు అందులోనే నిలుచును. ఇంటి వైరింగు విషయమున శ్రద్ధ వహించువారు సైతము షెడ్డు దగ్గరకు వచ్చుసరికి 'ఒక్క బల్బే గదా' యని వసారాలోని ప్లగ్గు నుండి సన్నని తీగను లాగి, బట్టలారవేయు దండెము మీదుగా రేకుల సందున దూర్చుట కలదు. కొన్నాళ్ళకు బల్బు ప్రక్కన బండి కడుగు నీటి మోటారు చేరును. ఆపై బ్యాటరీ స్కూటరు ఛార్జరు చేరును. తీగ మాత్రము మారదు. గాలికి ఊగి ఊగి రేకు అంచున దాని తొడుగు తెగినచో షెడ్డంతటికిని కరెంటు ప్రాకును.

మొదటి పాఠము తీగ లావును గూర్చినది. తీగ పొడవు పెరిగిన కొలది నిరోధము పెరుగును. లావు పెరిగిన కొలది తగ్గును. మెయిన్ బోర్డు నుండి షెడ్డు 30 మీటర్ల దూరమున ఉన్నదనుకొందము. పోవుటకు 30, తిరిగి వచ్చుటకు 30, మొత్తము 60 మీటర్ల రాగి తీగ. అది 1 చదరపు మిల్లీమీటరు తీగయైనచో నిరోధము సుమారు 1.09 ఓములు. 10 ఆంపియర్లు ప్రవహించునపుడు ఓమ్ సూత్రము ప్రకారము దాదాపు 11 వోల్టులు దారిలోనే పోవును. 109 వాట్ల శక్తి తీగను వేడిచేయుటకే ఖర్చగును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగయైనచో నష్టము నాలుగున్నర వోల్టులే. 230 వోల్టులలో నూటికి మూడు పాళ్ళు, అనగా 6.9 వోల్టులు మించకుండ చూచుకొనుట మంచి పద్ధతి.

రెండవ పాఠము అన్నిటికంటె ముఖ్యమైనది. ఫ్యూజు తీగను కాపాడును, మనిషిని కాపాడదు. 30 మిల్లీఆంపియర్లకు మించిన ప్రవాహము దేహము గుండ సాగినచో ప్రాణాపాయము కలుగవచ్చును. 16 ఆంపియర్ల ఫ్యూజు తెగుటకు దానికి ఐదు వందల రెట్లకు మించిన ప్రవాహము కావలెను. ఫ్యూజు ఉన్నదన్న ధైర్యమున తడి చేతులతో మోటారును తాకువారు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను.

'ఎర్తు ఉన్నది గదా' యందురు. కాని మనది వర్షములు తక్కువైన నేల. మన్ను ఎండిన కొలది దాని నిరోధము పెరుగును. ఎర్తు నిరోధము 20 ఓములున్నచో, మోటారు ఇనుప తొడుగునకు కరెంటు సోకినపుడు భూమిలోనికి పోవు ప్రవాహము 230ని 20చే భాగింపగా 11.5 ఆంపియర్లకు మించదు. 16 ఆంపియర్ల ఫ్యూజు తెగదు. తొడుగు ప్రమాదకరముగా అట్లే నిలిచియుండును. కావున ఎర్తు గొయ్యిలో రెండున్నర మీటర్లకు తగ్గని జి.ఐ. పైపును దింపి, బొగ్గు, ఉప్పు పొరలుగా నింపి, వేసవిలో నీరు పోయుచుండవలెను.

అంతటితో ఆగక 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి.ని కూడ అమర్చవలెను. ఫేజు తీగలో పోయిన ప్రవాహమంతయు న్యూట్రలులో తిరిగి వచ్చినదా లేదా యని అది సరిచూచుచుండును. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరినచో 0.3 సెకనులోపల సరఫరాను తెంచివేయును. పై ఉదాహరణలో ఫ్యూజు గుర్తింపని 11.5 ఆంపియర్లను ఇది తప్పక గుర్తించును. దాని పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూచుట మరువరాదు.

ఇక అమరిక. షెడ్డు తీగను ప్లగ్గు నుండి కాక మెయిన్ బోర్డు నుండి, ప్రత్యేకమైన ఎం.సి.బి. ద్వారా తీయవలెను. ఇనుప కవచము గల కేబులును రెండున్నర అడుగుల లోతున పాతిపెట్టుట క్షేమము. షెడ్డులో వేరొక స్విచ్చి బోర్డుండవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది, నేలబారుగా ప్రాకును. కావున ప్లగ్గులను నాలుగడుగుల ఎత్తున బిగింపవలెను. ఈ పనులన్నియు లైసెన్సు గల ఎలక్ట్రికల్ కంట్రాక్టరు చేతనే చేయింపవలెను.

చట్టమును గూర్చి ఒక మాట. సొంత బండి నిలుపుటకు ఇంటి కనెక్షను చాలును. అదే షెడ్డులో పంక్చరు దుకాణమో వెల్డింగు పనియో ఆరంభించినచో తగిన కేటగిరీకి మార్పించుకొనవలెను. లేనిచో 2003 విద్యుత్ చట్టములోని 126వ సెక్షను క్రింద అది అనధికార వినియోగమై, రెట్టింపు రేటున బిల్లు పడును.

విద్యార్థులకు మా విన్నపమొక్కటే. సెలవులలో ఇండ్లకు పోయినపుడు షెడ్డు తీగ ఎక్కడ మొదలై ఎందుమీదుగా పోవుచున్నదో, తాకక, కంటితో పరిశీలింపుడు. అది దండెము మీదనో రేకు అంచుననో కనబడినచో మెయిన్ ఆపించి, ఆ దినముననే ఇంటి పెద్దలకు ఈ లెక్కలు వివరింపుడు. ఆర్.సి.సి.బి. వెల అధికమని వారన్నచో, దాని ప్రక్కన వెలకట్టవలసినది మోటారును కాదు, మనిషినని చెప్పుడు.