ఎద సంగతి దాచొద్దు, అడగడానికి జంకొద్దు



బిడ్డా, నీ ఉత్తరం అందింది. వనపర్తిలో నాలుగిళ్ల కుక్కలను పొద్దున, సాయంత్రం తిప్పే పని పట్టుకున్నావని చదివి సంతోషించాను. ఒక ఇంటి ఆడ లాబ్రడార్‌ను పాలిటెక్నిక్ వైపు తీసుకెళ్తే వీధికుక్కలు వెంటపడ్డాయని, నీ చేతిలోని మగకుక్క కూడా మాట వినలేదని, ఎదలో ఉందా అని ఇంటావిడను అడగడానికి నోరు రాలేదని రాశావు. అడగాల్సిందే. తాడు పట్టుకోవడం నాలుగు రోజుల్లో వస్తుంది. అడగడం ముందుగా నేర్చుకోవాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పశువుల దవాఖానల్లో పనిచేసినన్నాళ్లూ నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. బర్రె ఎదకొస్తే ఇంటిల్లిపాదీ బాహాటంగా మాట్లాడతారు. తెల్లారకముందే రైతు దవాఖాన గేటు దగ్గర నిలబడి, "సార్, రాత్రి నుంచి ఒకటే అరుపు, తీగ వేసింది, సూది వెయ్యాలె" అంటాడు. రైతు ఊళ్లో లేకపోతే అతని భార్యో కోడలో వచ్చి అదే మాట చెబుతుంది. పాలు, దూడ, ఇంటి రాబడి దానితో ముడిపడి ఉన్నాయి కాబట్టి అందులో ఎవరికీ సిగ్గు లేదు. అదే ఇంట్లో కుక్క ఎదకొస్తే మాత్రం ఎవరూ పెదవి విప్పరు. "ఒంట్లో బాగాలేదు" అంటారు, లేదా ఏమీ చెప్పకుండా తాడు నీ చేతికిస్తారు. ఆ తర్వాత వీధిలో జరిగే కొట్లాటకు, ఇంట్లో పుట్టే అక్కర్లేని పిల్లలకు, మనుషులకు పడే కాట్లకు చాలాసార్లు ఈ మాట దాచడమే మూలం.

మన ప్రాంతంలో పశువుల ఎద తెలిసినవాళ్లు ఎక్కువ. అందుకే కుక్క విషయంలో పొరపాటు పడతారు. బర్రె సుమారు 21 రోజులకోసారి ఎదకొస్తుంది, దాదాపు ఒక రోజులో చల్లారుతుంది. కుక్కకు ఆ లెక్క పనికిరాదు. చాలా ఆడకుక్కలు ఆరు నెలల నుంచి ఏడాది వయసులో మొదటిసారి ఎదకొస్తాయి. పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా పట్టొచ్చు. తర్వాత ఇంచుమించు ఆరేడు నెలలకోసారి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ సుమారు మూడు వారాలు ఉంటుంది.

ఈ మూడు వారాలను రెండు భాగాలుగా గుర్తుపెట్టుకో. మొదటి తొమ్మిది రోజులు, కాస్త అటూ ఇటూగా, మానం వాచి ఎర్రటి రక్తం చుక్కలు చుక్కలుగా కారుతుంది. కుక్క మాటిమాటికీ నాక్కుంటుంది, దారిపొడవునా కొంచెం కొంచెంగా ఉచ్చ పోస్తుంది. మగకుక్కలు వెంటపడతాయి కానీ అది దగ్గరికి రానివ్వదు, గుర్రుమంటుంది. ఆ తర్వాత రక్తం పలచబడి ఎండుగడ్డి రంగుకు మారుతుంది. నడుము మీద చెయ్యి వేస్తే తోక పక్కకు తిప్పి నిలబడుతుంది. ఇంటివాళ్లు సరిగ్గా అప్పుడే "రక్తం ఆగింది, అయిపోయింది, ఇక తిప్పొచ్చు" అంటారు. నిజానికి చూడి నిలిచే కాలం అప్పుడే మొదలవుతుంది. ఇది కూడా ఒక వారం, తొమ్మిది రోజులు సాగుతుంది. అందుకే రక్తం ఆగిన రోజును లెక్కలోకి తీసుకోవద్దు. మొదటి చుక్క కనబడిన రోజు నుంచి లెక్కపెట్టి, కనీసం నాలుగు వారాలు జాగ్రత్తగా ఉండు.

వీధికుక్కల సంగతి వేరు. వానలు తగ్గి చలి మొదలయ్యే వేళ, ముఖ్యంగా అక్టోబరులో వచ్చే చిత్తకార్తెలో, అవి గుంపులు కడతాయని మన పెద్దలకు ఎప్పటినుంచో తెలుసు. అప్పుడు చూడి కట్టిన కుక్క సుమారు 63 రోజులకు, అంటే డిసెంబరు చలిలో ఈనుతుంది. ఇంట్లో పెరిగే కుక్కకు మాత్రం కార్తెతో పనిలేదు, ఏ నెలలోనైనా ఎదకు రావొచ్చు. వీధి గుంపులు తిరిగే రోజుల్లోనే ఇంటి కుక్కకూ ఎద వస్తే నీకు కష్టం రెట్టింపవుతుంది. ఆ నెలలో ఇంకా ముందే అడిగి పెట్టుకో.

ఎలా అడగాలన్నదే నీ అసలు బెంగ. ఆ ఇంట్లో అక్కను, అమ్మను వయసు కుర్రాడు అడగడం ఇబ్బందే. మాట సూటిగా ఉంటే ఆ ఇబ్బంది పోతుంది. పని ఒప్పుకునే రోజే, ఇంట్లోవాళ్లందరి ముందు, జీతం మాటతో పాటే ఇదీ అడుగు: "అమ్మా, కుక్కకు ఆపరేషన్ అయిందా? కాకపోతే పోయినసారి ఎప్పుడు ఎదకొచ్చింది? మళ్లీ వస్తే మొదటి రోజే నాకు ఫోన్ చెయ్యండి." ఎద అనడానికి వాళ్లు మొహమాటపడితే హీట్ అను. పట్నంలో అందరూ అనే మాట అదే. నీకే ముందు అనుమానం వస్తే, "అక్కా, తాడు విప్పేటప్పుడు బండ మీద రక్తం చుక్క కనబడింది. హీట్‌కొచ్చినట్టుంది, ఒకసారి చూడండి" అని చెప్పు. చూసింది చెప్పు, అంతవరకే. చెప్పాల్సిన మాటలో వెకిలితనం లేకపోతే వినేవాళ్లకూ సిగ్గు ఉండదు.

మగకుక్క ఉన్న ఇళ్లకు కూడా చెప్పాలి. ఎవరింటి కుక్క అన్నది అక్కర్లేదు. "ఈ వీధిలో ఒక ఆడకుక్క ఎదలో ఉంది, మీ గేటు గట్టిగా వేసుకోండి" అంటే చాలు. వాసన తగిలిన మగకుక్క తిండి మానేస్తుంది, రాత్రంతా ఏడుస్తుంది, గోడ దూకుతుంది. కారణం తెలియని యజమాని దాన్ని కొడతాడు. తెలిస్తే కట్టేసుకుంటాడు. గద్వాల కోట వైపో, నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం కట్ట మీదో నడిచేటప్పుడు ఎదురుగా కుక్కతో ఎవరైనా వస్తుంటే దూరం నుంచే కేకవెయ్యి: "అన్నా, నాది ఎదలో ఉంది, కొంచెం పక్కకు తీసుకో!" ఆ ఒక్క కేకతో కొట్లాట ఆగుతుంది.

ఇక తిప్పడం. ఎదలో ఉన్న కుక్కను మిగతావాటితో కలిపి తీసుకెళ్లొద్దు. మగకుక్కల వంతు ముందు ముగించి, దీన్ని చివర ఒంటరిగా, ఇంటి దగ్గర్లోనే తిప్పు. గ్రౌండు, కట్ట, మాంసం దుకాణాల వీధి వద్దు. తాడు పొట్టిగా పట్టుకో, మెడపట్టీ జారదని చూసుకో. దాని తాడును మగకుక్కకు కట్టొద్దు, వాసన అంటి ఉంటుంది. డైపర్ నేలను శుభ్రంగా ఉంచుతుందే తప్ప మగకుక్కను ఆపదు. డాబా మీద ఒంటరిగా వదలొద్దని ఇంటివాళ్లకు చెప్పు, పక్కింటి డాబా మీదుగా దూకి వచ్చే కుక్కలు ఉంటాయి.

ఇంత చేసినా ఎక్కడో తప్పిపోయి జతకట్టిందనుకో. రెండూ అతుక్కుని వీపులు తిప్పి నిలబడతాయి. అయిదు నిమిషాల నుంచి అరగంట దాకా అలాగే ఉంటాయి. మన వీధుల్లో అప్పుడు రాళ్లేస్తారు, వేడినీళ్లు పోస్తారు, కర్రతో లాగుతారు. వాటి అవయవాలు చినిగిపోయేంత దెబ్బ అది. ఎవరినీ దగ్గరికి రానివ్వకు. నువ్వు పక్కన నిలబడి నీ కుక్క కదలకుండా పట్టుకో, వాటంతట అవే విడిపోతాయి. ఆ రోజే యజమానికి ఉన్నదున్నట్టు చెప్పు. భయపడి దాచావంటే రెండు నెలలకు పిల్లలే చెబుతాయి. మగకుక్క బీజం ఆడకుక్క కడుపులో కొన్ని రోజులు బతికి ఉంటుంది, ఒకే ఈతలో పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండొచ్చు. కాబట్టి "ఒక్కసారే కదా" అన్న ధీమా వద్దు. మెడికల్ షాపులో మనుషుల మాత్రలు కొని మింగించొద్దని కూడా చెప్పు. హార్మోను మందులు ఇష్టమొచ్చినట్టు వాడితే గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. పశువైద్యుడి దగ్గరికే వెళ్లాలి.

ఆ చీము జబ్బును పయోమెట్రా అంటారు. ఎద ముగిసిన కొన్ని వారాలకు కుక్క నీళ్లు విపరీతంగా తాగుతూ, తిండి మానేసి, వాంతి చేసుకుంటూ, వెనక నుంచి దుర్వాసన వచ్చే స్రావం కారుతుంటే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. ఒక్కోసారి స్రావం బయటికి రాకుండా లోపలే ఉండిపోతుంది. ఎద కాలం కాకుండా రక్తం ఆగి ఆగి కారుతుంటే జత ద్వారా అంటుకునే గడ్డ కూడా కావొచ్చు. తొందరగా చూపిస్తే ఇంజెక్షన్లతో నయమవుతుంది. రోజూ తాడు పట్టుకునే నీకే ఇవి ముందు కనబడతాయి.

వీటిలో చాలావాటికి ఆపరేషనే గట్టి మందు. "ఒక్క ఈత అయినా ఈనాలి, లేకపోతే పాపం" అని ఇళ్లల్లో అంటారు. ఆరోగ్యానికి అలాంటి అవసరం ఏమీ లేదు. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కల ఆపరేషన్లు, టీకాలు స్థానిక సంస్థల పని, పెంపుడు కుక్క బాధ్యత యజమానిదే. ఎదలో ఉన్నప్పుడు రక్తస్రావం ఎక్కువ కాబట్టి, అది ముగిశాక రెండు మూడు నెలలు ఆగి చేయించమని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. అందుకూ నువ్వు అడిగి తెలుసుకున్న ఎద తేదీ పనికొస్తుంది.

గొడవలో నిన్నే కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడుక్కుని వెంటనే సర్కారు దవాఖానకు వెళ్లు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మందు లేదు.

పెంపుడు కుక్కకు, వీధికుక్కకు మధ్య పగ ఎక్కడిదాకా పోతుందో మన పక్కనే చూశాం. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో 20 వీధికుక్కలను తుపాకితో కాల్చి చంపారు. పెంపుడు కుక్కను వీధికుక్కలు చంపాయన్న కోపమే కారణమని పోలీసులు తేల్చారు. అక్కడ ఎద సంగతి ఉందని నేను అనడం లేదు. కుక్కల మధ్య గొడవ మనుషుల మధ్య మాటతో తీరకపోతే చివరికి ఆ మూగజీవాలే బలవుతాయి.

అందుకే ఈ వారమే నీ నాలుగిళ్లకూ వెళ్లు. ఆడకుక్క ఉన్న ఇంట్లో ఆపరేషన్ అయిందా, పోయిన ఎద ఎప్పుడు అని అడిగి క్యాలెండర్ మీద రాయించు. మగకుక్క ఉన్న ఇంట్లో గేటు, గోడ చూసుకోమని చెప్పు. బర్రె గురించి ఎలా మాట్లాడుకుంటామో కుక్క గురించీ అలాగే మాట్లాడటం నీతోనే మొదలుపెట్టు.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దనాన్న