కొల్లేరులో దొంగ చెరువు ఎలా పుడుతుంది

మార్చి దాటాక కొల్లేరు నీరు లోపలికి గుంజుకుంటుంది. పని అప్పుడే మొదలవుతుంది.

ముందు చోటు చూస్తారు. అది ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన హద్దు) లోపలి చోటు. 1999 అక్టోబరులో జీవో 120 ఇచ్చి, దాదాపు 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన నేల అది. అక్కడ గట్టు వేసి నీటి నడక మార్చడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ కింద నేరం. ఈ సంగతి గట్టు వేయించేవాడికీ తెలుసు, వేసేవాడికీ తెలుసు.

తరవాత పేరు కావాలి. చెరువు కథలో అసలు కీలకం మట్టి కాదు, ఈ పేరే. 1970ల్లో జలగం వెంగళరావు ప్రభుత్వం లంక గ్రామాల మత్స్యకారులకు, దళితులకు సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. కానీ మేతకూ చేపపిల్లకూ పెట్టుబడి పెట్టలేని సంఘాలు కాలక్రమంలో వాటిని డబ్బున్న బయటివాళ్లకు లీజుకిచ్చాయి. కాగితం మీద పేదవాడు ఉండిపోయాడు, చేపల డబ్బు మరొకరి చేతికి వెళ్లింది. ఇవాళ్టి దొంగ చెరువుకూ అదే పద్ధతి. సాగుదారుగా ఓ లంకవాసి పేరు వినిపిస్తుంది, పెట్టుబడిదారు పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

పేరు కుదిరాక పొక్లెయిన్ దిగుతుంది, ఎక్కువగా రాత్రిపూట. లోపలి అంచు వెంట మట్టి తవ్వి నాలుగు వైపులా గట్టు పోస్తారు, తూము పెడతారు, దగ్గర్లోని డ్రెయిన్ నుంచి ఇంజన్లతో నీరు తోడతారు. శీలావతి, బొచ్చె పిల్లలు వదిలి తవుడు మేపుతారు. ఎదిగిన చేప ఐసులో సర్దుకుని లారీల్లో బెంగాల్ దాకా పోతుంది. తవ్వకం రాత్రిపూట సాగినా, మేపడం, అమ్మడం సరస్సు మధ్యలో, పట్టపగలు, నెలల తరబడి జరిగే వ్యాపారం. కనిపించలేదనడానికి ఎవరికీ వీల్లేదు.

అయినా గట్టు నిలబడుతుంది. నిలబెట్టేది అధికారం. అధికారం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే, కొల్లేరులోకి నీళ్లు తెచ్చే తమ్మిలేరు ఇసుక గొడవనే చూడండి. 2015 జులైలో ఆ ఏటి ఇసుక తవ్వకాన్ని ఆపబోయిన ముసునూరు తహసీల్దారు వనజాక్షి, తన మీద దాడి జరిగిందని అప్పటి దెందులూరు ఎమ్మెల్యే చింతమనేని ప్రభాకర్, ఆయన అనుచరుల మీద ఫిర్యాదు చేశారు. ఆయన ఖండించారు. తరవాత వాదమంతా దాడి చుట్టూ కాక, ఆమె తన మండలం హద్దు దాటారా లేదా అన్నదాని చుట్టూ తిరిగింది. తహసీల్దారుకే ఈ గతి పట్టాక, గట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడే ఫారెస్టు గార్డు ఎవరిని ఆపగలడు?

ఒకసారి మాత్రం గట్లు పెద్ద ఎత్తున తెగాయి. సుప్రీంకోర్టు సాధికార కమిటీ కదిలించాక, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో వేల ఎకరాల చెరువులు కొట్టేశారు. సరస్సుకు ఊపిరి ఆడింది. కానీ 2008లోనే అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఆ కుదింపు అక్కర్లేదని కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తేల్చింది. ఈలోగా తెగిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. గట్టు పోయినప్పుడు సంఘంలోని పేదవాడు కూలీ పోగొట్టుకున్నాడు, అప్పు మిగుల్చుకున్నాడు. పెట్టుబడిదారు ఇంకో చోటు చూసుకున్నాడు. నాకు కోపం తెప్పించేది ఇదే: చట్టం ఇద్దరికీ ఒకటే, దెబ్బ మాత్రం ఒకడికే.

మరి గట్టు మళ్లీ లేవకుండా ఉండాలంటే కేసు ఎలా కట్టాలి?

గట్టు మీద దొరికిన డ్రైవరుతోనో కావలివాడితోనో కేసు ఆగకూడదు. గట్టు ఎప్పుడు వెలిసిందో ఏటేటా ఉపగ్రహ చిత్రాలు చెబుతాయి. ఏరేటర్లకు, మోటార్లకు కరెంటు తీసుకుంటే ఆ మీటరు ఎవరో ఒకరి పేరున ఉంటుంది. పొక్లెయిన్ అద్దె, మేత బిల్లు, చేపలు కొన్న ప్యాకింగ్ షెడ్డు చెల్లింపు, ఈ మూడూ ఒకే జేబు దగ్గర కలుస్తాయి. ఆ జేబు యజమానే మొదటి ముద్దాయి కావాలి. అనుమతి లేని చోట లైను ఇచ్చిన అధికారి, చూసీ నివేదిక రాయని అధికారి తరవాతి వరసలో ఉండాలి.

ఈ పనిలో మామూలు మనిషికీ చోటుంది. ఏలూరులోని వన్యప్రాణి విభాగానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి మూడు సంగతులు అడగవచ్చు: మీ మండలంలో అభయారణ్యం లోపల ఎన్ని చెరువుల మీద కేసులు పెట్టారు, ముద్దాయిల్లో లీజుదారులు ఎందరు, ఎన్ని కేసులు శిక్ష దాకా వెళ్లాయి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు, ఆపైన సమాచార కమిషన్. రెండో ప్రశ్నకు వచ్చే అంకెను ముందు చూడండి.