నొప్పికి గడియారం

ఆదోనిలో ఒక పత్తి మిల్లు హమాలీ. ముప్పై ఏళ్ళు బీడీలు తాగాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించారు. జబ్బు ముదిరింది, నయం కాదు అన్నారు. "ఇంకేం చేసేది లేదు" అని చుట్టాలు లేచిపోయారు. ఆ మాట తప్పు. జబ్బు పోకపోయినా బాధ తగ్గించవచ్చు. దీన్ని ఉపశమన చికిత్స అంటారు.

ఎమ్మిగనూరు నుంచి చెల్లెలు వచ్చింది. మగ్గం నేసే ఇల్లు ఆమెది. మామకు ఇదే జబ్బు వస్తే సేవ చేసిన మనిషి. వచ్చేసరికి అన్న ఆయాసపడుతున్నాడు. చుట్టూ పదిమంది.

"జరగండి, గాలి రానీయండి" అంది. కిటికీ తెరిచింది. అన్నను కూర్చోబెట్టింది. ఒళ్ళో రెండు దిండ్లు పెట్టి, ముందుకు వంగి చేతులు ఆనించమంది. విసనకర్రతో ముఖానికి విసిరింది. చల్లగాలి ముక్కుకు, చెంపలకు తగిలితే ఆయాసం కొంచెం తగ్గుతుంది.

"వేడి సంగటి ఊదినట్టు మెల్లగా గాలి వదులన్నా" అంది. కట్టెల పొయ్యి బయటికి మార్పించింది.

నొప్పికి డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశాడు. నొప్పి పట్టలేనప్పుడే భార్య ఒకటి వేసేది.

"మత్తుమందంట కదమ్మా. అలవాటైపోతే?"

"డాక్టరు చెప్పిన లెక్కలో వేస్తే అది దురలవాటు కాదు వదినా."

చాలా ఇళ్ళలో ఇదే సంగతి. రోగి రాత్రంతా మూలుగుతాడు. మాత్రలు డబ్బాలో ఉంటాయి! మామూలు మార్ఫిన్ మాత్ర దాదాపు 4 గంటలే పని చేస్తుంది. నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. గడియారం చూసి వేయాలి. ఆడబిడ్డ సుద్దముక్కతో గోడ మీద రాసింది: 6, 10, 2, 6, 10. రాత్రి 10కి ఎంత వేయాలో డాక్టరే చెబుతాడు. వదినకు ఇప్పుడు అంకెలు వచ్చు. వేసిన ప్రతిసారీ గీత పెడుతుంది.

ఈ మాత్రతో మలబద్ధకం వస్తుంది. దానికీ రోజూ మందు వేయాలి. మార్ఫిన్ ఉన్నట్టుండి మానకూడదు. పిల్లలకు అందనీయకూడదు. లేపినా లేవకుండా మగతగా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇది అన్ని మందుల షాపుల్లో దొరకదు. 2014లో చట్టం మార్చి, గుర్తింపు ఉన్న ఆసుపత్రులకు సులువు చేశారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స ఉంది. "నొప్పికి మార్ఫిన్ ఇస్తారా సార్?" అని ఏ ఆసుపత్రిలోనైనా మొహమాటం లేకుండా అడగాలి.

తిండి దగ్గర గొడవ జరిగింది. "తింటేనే కదా బలం" అని వదిన ముద్దలు కుక్కేది. జబ్బు ముదిరితే ఆకలి చచ్చిపోతుంది. బలవంతం చేస్తే వాంతులే. నాలుగు చెంచాల గంజి, మజ్జిగ చాలు. అడిగితే ఉగ్గాని పెట్టవచ్చు. నోరు ఎండకుండా తడిగుడ్డతో తుడవాలి.

వదిన నెల రోజులుగా కంటినిండా నిద్రపోలేదు. వారానికి రెండు రాత్రులు కొడుకు కూర్చోవాలని ఆడబిడ్డ గట్టిగా చెప్పింది. గోడ మీది అంకెలు వాడికీ చూపించింది.