మొదటి గుక్క ఇంటిలోనే

తాటివనములు, ఈతవనములు నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట సీమలకు సహజ సంపద. గీతవృత్తి తరతరములుగా అనేక కుటుంబములకు జీవనాధారము. 2016లోను, 2019లోను ఈ పాత జిల్లాలు విడివడి కొత్త జిల్లాలు ఏర్పడినను ఆచారములు మారలేదు. పెండ్లియైనను, దినమైనను, బోనాలైనను, దసరాయైనను కల్లు ఉండవలసినదే. అందుచేత ఇచ్చటి బిడ్డలలో పలువురికి మత్తు మొదట పరిచయమగునది తమ ఇంటి వాకిటిలోనే. "చలువ చేయును, ఒక్క గుక్కతో ఏమగును?" అని తాతయో, మేనమామయో గ్లాసు అందించును. సీసా చేతికిచ్చి కల్లు దుకాణమునకు పంపు ఇండ్లును గలవు. పిల్లలను మత్తునుండి కాపాడదలచిన తల్లిదండ్రులు ముందుగా ఆలోచింపవలసినది ఈ విషయమునే.

కల్లులో నున్నదేమి?

చెట్టునుండి అప్పుడే దింపిన నీరా తీయని రసము. లొట్టిలో అది కొన్ని గంటలలోనే పులిసి, నూటికి సుమారు 4, 5 పాళ్ల ఆల్కహాలు గల పానీయమగును. కావున కల్తీలేని కల్లు కూడ మత్తుపానీయమే. మనిషి మెదడు సుమారు 25 ఏండ్లవరకు ఎదుగుచునే యుండును. ఎదుగు వయసులో అలవాటైన మత్తు చదువును, జ్ఞాపకశక్తిని దెబ్బతీయును. పెద్దయిన పిదప దానిని విడుచుట మిక్కిలి కష్టము.

అంతకంటె భయంకరమైనది కల్తీ. చెట్లు తక్కువై త్రాగువారు ఎక్కువైన చోట్ల కొందరు వ్యాపారులు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులను కల్లులో కలుపుచున్నారు. వైద్యులు రోగిని పరీక్షించి, కొలత నిర్ణయించి ఇచ్చు నిద్రమందులు, ఆందోళన తగ్గించు మందులు ఇవి. కల్తీకల్లులో కొలత లేదు. కొన్ని వారములలోనే శరీరము వీనికి లోబడును. ఆపై ఒకటి రెండు దినములు దొరకనిచో చేతులు వణకును, నిద్ర పట్టదు, మతి తప్పిన మాటలు వచ్చును, మూర్ఛలును రావచ్చును. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీని అరికట్టినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాలలో ఇట్టి లక్షణములతో అనేకులు ఆసుపత్రులలో చేరిరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. పెద్దల దేహమే తాళలేని దానిని పసిబిడ్డ ఎట్లు తాళగలదు?

తల్లిదండ్రులు చేయవలసినవి

1. పండుగనాడైనను బిడ్డకు గుక్కెడు కూడ ఇయ్యరాదు. పాలమూరు వలసకూలీల ఇండ్లలో పిల్లలు తాత, అవ్వల వద్దనే పెరుగుదురు. ఊరు విడుచుటకు పూర్వమే వారికి ఈ నియమము స్పష్టముగా చెప్పవలెను.

2. సీసా ఇచ్చి పిల్లలను దుకాణమునకు పంపరాదు. నిత్యము చూచిన త్రోవయే రేపు వారు నడచు త్రోవ. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము బిడ్డకు మత్తుపదార్థమిచ్చుటయు, బిడ్డచేత దానిని మోయించుటయు నేరములు. ఏడేండ్లవరకు కఠిన కారాగారము, లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును.

3. త్రాగు తండ్రి "నీవు త్రాగవద్దు" అనినచో బిడ్డ నమ్మునా? మానలేని తండ్రి దాచుకొనుటకంటె, "బిడ్డా, ఇది నన్ను పట్టుకొన్నది, విడిపించుకొనుటకు పాటుపడుచున్నాను, నీవు దీని జోలికి పోవద్దు" అని నిజము చెప్పుట మేలు.

4. బడికి పోకుండుట, పగటినిద్ర, పాత స్నేహితులను విడుచుట, ఇంటిలో డబ్బు మాయమగుట కనిపించినచో ఉపేక్షింపరాదు. నేడు గంజాయియు పల్లెలకు చేరుచున్నది. అనుమానము కలిగిననాడు కొట్టినచో బిడ్డ దాచుట మాత్రమే నేర్చును. దగ్గర కూర్చుండబెట్టుకొని, ఎవరిచ్చిరో, ఎప్పటినుండియో నెమ్మదిగా అడుగవలెను.

5. కల్తీకల్లుకు అలవాటుపడిన పెద్దలనుగాని, పిల్లలనుగాని గదిలో బంధించి ఒక్కసారిగా మాన్పింపరాదు; మూర్ఛలతో ప్రాణాపాయము కలుగవచ్చును. ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోయినచో వైద్యులు మందులతో క్రమముగా మాన్పింతురు. సలహాకు 14446, ఆపదలోనున్న పిల్లల సహాయమునకు 1098 అను ఉచిత ఫోను నంబర్లు గలవు.

ఇంటి నియమమే నిలుచును

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతటను వ్యాపింపగా 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది. చట్టములు వచ్చును, మారును. కాని "మా ఇంటిలో పిల్లలకు మత్తు లేదు" అను నియమమునకు ఎవరి ఉత్తరువును అక్కరలేదు. మహిళాసంఘముల సమావేశములందును, గ్రామసభలందును ఈ మాటను చర్చించి ఊరంతయు ఒక్కటిగా పాటించినచో మన పిల్లలకు మొదటి గుక్క అందించు చేయి ఉండదు.