సృష్టి - సైన్సు: పిల్లలడిగితే ఏమి చెప్పాలి?



"జ్ఞానోపదేశంలో ఆరు రోజులన్నారు. కాలేజీలో 1380 కోట్ల సంవత్సరాలంటున్నారు. ఏది నిజం?" అని పిల్లలడిగితే కొందరు తల్లిదండ్రులు కసురుకుంటారు. గుణదల మాత కొండ, పటమటలో గోరాగారి నాస్తిక కేంద్రం రెండూ ఉన్న మన విజయవాడలో ఈ ప్రశ్న తప్పదు. జవాబు దొరకని బిడ్డ మెల్లగా గుడికి దూరమవుతాడు.

విశ్వం ఒక ఆదిమ అణువు నుండి విస్తరించిందని 1931లో ప్రతిపాదించినది కతోలిక గురువే. ఆయన బెల్జియం దేశస్థులు ఫాదర్ జార్జి లెమైత్ర్. అయినా తన సిద్ధాంతాన్ని దేవుని ఉనికికి రుజువుగా వాడటం ఆయనకు ఇష్టం లేదు. సైన్సు లెక్కలు రేపు మారవచ్చు. విశ్వాసం వాటిపై ఆధారపడరాదు.

ఆదికాండము సైన్సు పుస్తకం కాదు. అందులో వెలుగు మొదటి రోజున, సూర్యుడు నాలుగవ రోజున కలుగుతారు. అవి మన మామూలు రోజులు కావని పునీత అగస్తీనువారు 1600 ఏళ్ల క్రితమే గ్రహించారు. సమస్తం దేవుని చిత్తం వలన కలిగిందని, అది మంచిదని, మానవుడు ఆయన పోలికలో ఉన్నాడని ఆ గ్రంథం బోధిస్తుంది.

ప్రకాశం బ్యారేజీ నీరు కాలువల ద్వారా పొలానికి ఎలా చేరుతుందో ఇంజనీరు చెప్పగలడు. పండిన ధాన్యంలో ఆకలిగొన్న పొరుగువానికి పాలు ఉందా అన్నది లాకుల లెక్కల్లో దొరకదు. రెండు ప్రశ్నలూ అవసరమే. ఒకదాని జవాబు రెండవదానిని కొట్టివేయదు.

పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ కాదని 1996లో 2వ జాన్ పాల్ పోపుగారు తెలిపారు. మానవాత్మను మాత్రం దేవుడే సృష్టిస్తాడన్న బోధను అప్పుడే గుర్తుచేశారు.

కనుక బిడ్డను కసరకండి. ఈ ఆదివారం ఆదికాండము మొదటి అధ్యాయాన్ని ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. తెలియనిది తెలియదని చెప్పి, విచారణ గురువులను అడగండి.